ముందర ఎవరు, వెనక ఎవరు? అంతరగంగ కొండ ఎక్కేముందు

పోయిన సంవత్సరం మన డిపార్ట్‌మెంట్ నుంచి అంతరగంగకి వెళ్దామంటే ఇరవై ఇద్దరం పేర్లిచ్చాం. బస్సెక్కింది తొమ్మిది మంది. మిగతా పదమూడు మంది ఇళ్లలో వచ్చింది దాదాపు ఒకటే మాట: "కొండలో గవులంట, ఏమన్నా అయితే?" వెళ్లిన తొమ్మిది మందిమి కూడా ఏం సాధించామని? మెట్లెక్కి, గుడి చూసి, బసవన్న నోట్లోంచి వచ్చే నీళ్లు తాగి, తెచ్చుకున్న పులిహోర కోతులకు సమర్పించుకుని దిగి వచ్చేశాం. గుడి వెనకనుంచి గవులవైపు బాట ఉంది. కానీ దారి తెలిసినవాళ్లు లేరు, చేతిలో ఫోన్ టార్చి తప్ప ఏమీ లేదు. మేడం వద్దన్నారు. అప్పుడు నాకు కోపమొచ్చింది. ఈ వ్యాసం కోసం చదివాక, నలుగురిని అడిగాక, మేడం చెప్పిందే సరి అని ఒప్పుకుంటున్నాను.

మేం మెట్లు ఎక్కుతుంటే పైనుంచి ఒక గుంపు దిగుతోంది. బెంగళూరు వాళ్లు. అందులో సగం మంది ఆడపిల్లలు, మన వయసు వాళ్లే. తలకు దీపాలు, మోకాళ్లనిండా మట్టి. రాత్రంతా గవుల్లో తిరిగి, పైన సూర్యోదయం చూసి వస్తున్నారట. కోలారు బంగారు గనుల ఊళ్లనుంచి రోజూ తెల్లవారుజాము రైళ్లలో మనవాళ్లు బెంగళూరికి పనికి పోతారు. శనివారం రాత్రి అయితే బెంగళూరు మన కొండకు వస్తుంది. కొండ కింద పుట్టిన మనకి మాత్రం గుడి మెట్లు దాటి ఏముందో తెలీదు. అందుకే ఇది రాయాలనిపించింది.

కోలారు ఊరికి మూడు నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ కొండల వరసకి శతశృంగం అని పేరు. నూరు శిఖరాలని అర్థం. నేను లెక్కపెట్టలేదు. కాశీ విశ్వేశ్వరుడి గుడి, దాని పక్క కోనేరు, రాతి బసవన్న నోట్లోంచి ఏడాది పొడుగునా పారే నీళ్లు అందరికీ తెలిసినవే. లోపల దాగిన గంగ కాబట్టి అంతరగంగ. వాన నీళ్లు బండల పగుళ్లలో ఇంకి, లోపలే నిలవుండి, నిదానంగా బయటికి వస్తాయి. కొండ ఒక పెద్ద తొట్టి అనుకోండి. పైకి ఇంకా పోతే తేరహళ్లి లాంటి ఊళ్లు ఉన్నాయి. అక్కడివాళ్లకి ఇది ట్రెక్కింగూ కాదు, సాహసమూ కాదు. కిందికి దిగి సామాను తెచ్చుకునే దారి.

ఇప్పుడు గవుల సంగతి. మనకి గుహలంటే విశాఖ దగ్గర బొర్రా, నంద్యాల దగ్గర బేలం గుర్తొస్తాయి. అవి సున్నపురాయిని నీళ్లు కరిగించి చేసిన గుహలు. బేలంలో మూడు కిలోమీటర్లకు పైగా సొరంగముంది. అంతరగంగలో ఉన్నవి ఆ జాతివి కావు. ఇక్కడిది గ్రానైట్ జాతి రాయి, వయసు 250 కోట్ల ఏళ్లకు పైమాటే. నీళ్లకు కరగదు. మరి గవులెట్లా వచ్చాయి? భూమి లోతులో గట్టిపడిన ఈ రాయి, మీదున్న బరువు పోయి పైకి తేలేకొద్దీ అడ్డంగా నిలువుగా పగిలింది. మైసూరుపాకును పళ్లెంలో గళ్లుగా కోసినట్టు. ఆ పగుళ్లలోకి నీళ్లు దిగి రాయిని నమిలాయి. గడికి మూలలు మూడు వైపులనుంచీ దెబ్బ తింటాయి కాబట్టి ముందు మూలలు అరిగి, చదరపు దిమ్మె గుండయింది. చుట్టూ చివికిన గరుసు వానలకు కొట్టుకుపోయింది. గుండ్లు ఒకదానిమీద ఒకటి నిలబడిపోయాయి. ఆ గుండ్ల మధ్య మిగిలిన సందులే మన గవులు.

ఇది భూగోళం పాఠం కోసం చెప్పడం లేదు. గవి ఎట్లా పుట్టిందో తెలిస్తే అందులో ఎట్లా నడవాలో తెలుస్తుంది. సందుల గవి కాబట్టి గాలి ఆడుతుంది, ఊపిరాడకపోవడమనే భయం తక్కువ. కానీ దారి ఒక్కటి ఉండదు, నాలుగు వైపులా చీలుతుంది, వచ్చిన దారి వెనక్కి తిరిగి చూస్తే వేరేగా కనపడుతుంది. ఇంకో సంగతి, కాలికింద ఉన్నది నేల కాదు. అదీ ఇంకో గుండే, దాని పక్కన కిందికి ఇంకో సందు. పెద్ద గుండ్లు వేల ఏళ్లుగా కదల్లేదు, వాటితో బాధ లేదు. మధ్యలో ఇరుక్కున్న చిన్న రాళ్లే ఊగుతాయి. బరువు పెట్టేముందు కాలితో తట్టి చూడాలి. వానాకాలంలో రాతిమీద పాచి పడుతుంది, ఎంత ఖరీదు బూటైనా జారుతుంది. అందుకే నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచిది.

గవులకు పోతామంటే మా ఇంట్లో మొదట అమ్మ వద్దంది, నాయన వద్దన్నాడు. తాత మాత్రం వద్దనలేదు. ఆయన చిత్తూరు వైపునుంచి వచ్చి గనుల్లో ముప్ఫై ఏళ్లకు పైగా లోపల పని చేసిన మనిషి. మూడు కిలోమీటర్లకు మించి లోతుపోయిన గనులవి. అట్టడుగున రాతి వేడే 60 డిగ్రీలు దాటేది. రాతి ఒత్తిడికి ఉన్నట్టుండి గోడ పేలిపోయే ప్రమాదానికి ఆ గనులు పేరుబడ్డాయి. 2001 ఫిబ్రవరి 28న మూసేసేదాకా ఎన్ని కుటుంబాలు సాయంత్రం షిఫ్టు దిగే వేళకి ఎదురుచూసుంటాయో మన ఊరివాళ్లకి నేను చెప్పక్కర్లేదు. అట్లాంటి తాత మూడే ప్రశ్నలు అడిగాడు:

"ముందర పొయ్యేది ఎవురు? వెనక వచ్చేది ఎవురు? మీరు లోపలికి పోయినారని బయట ఎవురికి తెలుసు?"

నా దగ్గర ఒక్కదానికీ జవాబు లేదు. "అయితే పోవద్దు పాపా. జవాబు దొరికినాక పో" అన్నాడు.

తర్వాత కొండలెక్కే సంగతులు చదివితే ఆశ్చర్యం, శిక్షణ ఇచ్చేవాళ్లు మొదటిరోజు చెప్పేది కూడా ఈ మూడే. ముందు నడిచేది దారి తెలిసిన మనిషి. ఆమెను దాటి ఎవరూ పోకూడదు. చివర నడిచేది అనుభవమున్న రెండో మనిషి. ఆమెకన్నా వెనక ఎవరూ మిగలకూడదు. మధ్యలో ఎవరు ఆగినా ముందువాళ్లకి కబురు పోవాలి. వెళ్లేముందు ఒక కాగితంమీద పేర్లు, దారి, తిరిగి వచ్చే గంట రాసి, కింద ఉండే ఒకరికి ఇవ్వాలి. ఆ గంటకి రాకపోతే ఏం చేయాలో కూడా అందులో ఉండాలి. గనిలో దిగేటప్పుడు ఎవరు లోపలున్నారో బయట లెక్క ఉండేది, పైకి వచ్చాక ఆ లెక్క సరిచూసేవాళ్లని తాత చెప్పాడు. పద్ధతి అదే. గనిలో కిందికి, కొండలో పైకి, అంతే తేడా.

మన తెలుగువాళ్లు దీనికి పెట్టిన పేరు "సాహస క్రీడలు". ఆ పేరుతో నాకు పేచీ ఉంది. సాహసమంటే ఈరోజు ధైర్యమనే అంటున్నాం. కానీ సంస్కృతంలో ఆ మాటకి వెనకాముందూ చూడని దుడుకుపని అనే అర్థం కూడా ఉంది. మన పెద్దవాళ్లు "అంత సాహసం చేయొద్దు" అన్నప్పుడు పలికేది ఆ అర్థమే. నిజానికి ఈ ఆటలో ఉన్న ప్రతి పద్ధతీ, ప్రతి ముడీ ఆ దుడుకుతనం జరగకుండా కనిపెట్టినవే. పేరొకటి, పని ఇంకొకటి. ఇంట్లో అడిగేటప్పుడు "సాహసానికి పోతున్నాం" అనకండి, నా సలహా.

గుండ్లమీద ఎక్కడానికి ఒక సూత్రముంది. రెండు చేతులు, రెండు కాళ్లు, మొత్తం నాలుగింటిలో ఎప్పుడూ మూడు రాతిని ఆని ఉండాలి. ఒక్కటే కదలాలి. చేతులతో లాక్కోవడం కాదు, కాళ్లతో లేవడం. మన బలమంతా తొడల్లో ఉంది, చేతులు పట్టు కోసమే. ఏటవాలు బండమీద పాకితే జారతాం. నిలబడి, పాదం మొత్తం ఆనిస్తే బరువే బూటును రాతికి అదుముతుంది. వినడానికి తిరకాసుగా ఉంటుంది గానీ మన కాలేజీ వెనక బండమీద చేసి చూశాను, నిజమే. రెండు గోడల మధ్య సన్నసందు వస్తే వీపు ఒక గోడకి, పాదాలు ఎదుటి గోడకి నొక్కిపెట్టి కొద్దికొద్దిగా జరగాలి. దీన్ని చిమ్నీ పద్ధతి అంటారు. దిగేటప్పుడు కిందికి చూస్తూ కూర్చుని జారడం మన అందరికీ అలవాటు. నిటారుగా ఉన్నచోట అది తప్పు. రాతివైపు తిరిగి, నిచ్చెన దిగినట్టు దిగాలి.

ఇదంతా చేయాలంటే రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. ఫోన్ టార్చి అందుకే పనికిరాదు. తలకు కట్టుకునే దీపమే కావాలి, బ్యాటరీలు విడిగా ఇంకో జత. బట్టల సంగతి: చుడీదార్ పరవాలేదు, ప్యాంటు ఇంకా నయం, పలాజో వద్దు. చున్నీ సంచిలో పెట్టేయండి, సందులో చిక్కుకుంటే మెడకే ప్రమాదం. గాజులు, ఉంగరాలు తీసేయండి. జడ ముడేసుకోండి. సెంటు పూసుకోవద్దు, కొండ చరియల్లో పెద్ద తేనెటీగల పట్లుంటాయి, వాటికి వాసనా పొగా రెండూ పడవు. మనిషికి రెండు లీటర్ల నీళ్లు. నెలసరి రోజుల్లో వెళ్లకూడదా అని ఇద్దరు నన్ను చాటుగా అడిగారు. ఒంట్లో బాగుంటే వెళ్లొచ్చు. ప్యాడ్లు, వాడినవి తిరిగి తేవడానికి ఒక కవరు, అంతే. పైన మరుగుదొడ్లు లేవని ముందే తెలుసుకుని వెళ్లాలి. ఈ ఒక్క మాట ఎవరూ చెప్పకపోవడం వల్లే చాలామంది నీళ్లు తాగకుండా ఎక్కి కళ్లు తిరిగి పడతారు.

తాడు పనిని నేను ఇంకా చూడలేదు, చదివిందే చెబుతున్నాను. ఎక్కేవాళ్లు వాడే తాడు రెండు పొరలు. లోపల బరువు మోసే పురులు, పైన వాటిని రాపిడినుంచి కాపాడే అల్లిక. పడినప్పుడు ఆపే తాడు కాస్త సాగుతుంది. సాగకపోతే పడిన దెబ్బంతా నడుంమీద పడుతుంది. తాడు పట్టుకుని దిగడానికి వాడేది సాగని రకం. ఒకదాని బదులు ఇంకోటి వాడకూడదు. బట్టలారేసే నైలాన్ తాడు రెండింటిలో ఏదీ కాదు. తాడుమీద దిగడం ఫొటోల్లో చాలా తేలికగా కనపడుతుంది. కానీ ఎక్కేటప్పుడు మన బరువు కాళ్లమీద ఉంటుంది, తాడు అక్కరకు మాత్రమే. దిగేటప్పుడు ప్రాణమంతా తాడు, నడుంపట్టీ, పైన కట్టిన కొక్కెం, వీటిమీదే. ఒక బకిల్ సరిగ్గా బిగించకపోయినా చాలు. అందుకే ఒకరిది ఇంకొకరు చేత్తో తడిమి చూసుకోకుండా ఎవరూ అంచు దాటరు. తెలిసిన శిక్షకులు లేకుండా మనం తాడు జోలికి పోవద్దు. రామనగరం, సావనదుర్గం బండలమీద చేయించేవాళ్లున్నారు. కర్ణాటక ప్రభుత్వానికి బెంగళూరులో జనరల్ తిమ్మయ్య పేరుతో సాహస శిక్షణ అకాడమీ కూడా ఉంది.

గవుల్లో మనకన్నా ముందునుంచి ఉన్నవాళ్ల గురించి చెప్పకపోతే తప్పు. కోలారు పేరు పెట్టుకున్న గబ్బిలం ఒకటుంది. ఆకులాంటి ముక్కు దానికి గుర్తు. 1994లో దాన్ని కొత్త జాతిగా శాస్త్రంలో నమోదు చేశారు. తేరహళ్లి గవుల్లోనూ, మన జిల్లాలోనే హనుమనహళ్లి గవిలోనూ ఉండేది. తేరహళ్లిలో ఇప్పుడు లేదు. హనుమనహళ్లిలో మిగిలినవి రెండు వందలకు లోపే. ప్రపంచం మొత్తంమీద అవే. గ్రానైట్ కోసం బండలు పేల్చడం వాటి పాలిట పెద్ద గండమైంది. అటవీశాఖ ఆ గవి చుట్టూ ఉన్న నేలను రక్షిత ప్రాంతం చేసింది. కాబట్టి గబ్బిలాలున్న గవి కనపడితే దీపం ఆర్పి వెనక్కి రావడమే, సెల్ఫీ వద్దు. జాషువా 1941లో గబ్బిలాన్ని శివుడి దగ్గరికి కబురు తీసుకుపోయే దూతను చేశాడని మనం పాఠంలో చదివాం. విశ్వేశ్వరుడి గుడి పైకొండలో ఆ దూతలు లేకుండా పోవడం నాకు వింతగా అనిపిస్తుంది.

మళ్లీ ఇంటి దగ్గరి మాటకి వస్తాను. కొండ అంటే భయపడే మా అమ్మ ముళబాగిలు దగ్గర ఆవని కొండ రెండుసార్లు ఎక్కింది. చెప్పుల్లేకుండా, చీర కుచ్చిళ్లు దోపుకుని, బండలమీద. పైన సీతమ్మ గుడి ఉంది, లవకుశులు పుట్టిందిక్కడే అని మనవైపు నమ్మకం. పిల్లలు కావాలని మొక్కుకునే ఆడవాళ్లు ఎంతమంది ఎక్కుతారో చూసినవాళ్లకి తెలుసు. మొక్కు కోసం ఎక్కితే ఎవరూ అడ్డు చెప్పరు. ఊరికే, చూడాలని ఎక్కితేనే "ఆడపిల్లలకి ఎందుకు" అంటారు. ఇది అమ్మతో అన్నాను. నవ్వింది, జవాబు చెప్పలేదు. మదనపల్లె దగ్గర హార్స్‌లీ హిల్స్‌కి ఇంగ్లీషు కలెక్టరు పేరు రాకముందు ఏనుగు మల్లమ్మ కొండ అనేవాళ్లు. ఏనుగులు పెంచిన మల్లమ్మ అనే పిల్ల ఆ కొండమీద ఉండి, జనం రోగాలకు మందిచ్చేదని కథ. కొండకీ మన ఆడవాళ్లకీ ఉన్న పరిచయం కొత్తదేం కాదు.

"కథలు సరే, ఈ కాలంలో?" అంటారా. మాలావత్ పూర్ణ ఉంది. నిజామాబాద్ జిల్లా పాకాల అనే తండా పిల్ల, సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలలో చదివింది. 2014 మే 25న, పద్నాలుగేళ్లు ఇంకా నిండకుండా ఎవరెస్ట్ ఎక్కింది. అప్పటికి ఆ శిఖరమెక్కిన ఆడపిల్లల్లో అందరికన్నా చిన్నది. తోడు ఖమ్మం జిల్లా పిల్లవాడు ఆనంద్ కుమార్. 2022 నాటికి ఏడు ఖండాల్లోని ఎత్తయిన శిఖరాలూ పూర్తి చేసింది. ఆమె మీద సినిమా వచ్చింది, చాలామంది చూసుంటారు. సినిమాకన్నా నాకు పనికొచ్చిన వివరం వేరే ఉంది. ఆమె మొదటి బడి హిమాలయం కాదు, భువనగిరి బండ. కోట ఉన్న ఆ ఒంటి బండ మన బండల్లాంటి గ్రానైటే. అక్కడ ముడులు, పట్లు నేర్చుకున్నాక డార్జిలింగ్, తర్వాత లడాఖ్ చలి, ఆ తర్వాతే ఎవరెస్ట్. డార్జిలింగ్‌లో 1954లో పెట్టిన హిమాలయన్ పర్వతారోహణ సంస్థ, ఉత్తరకాశిలో 1965లో పెట్టిన నెహ్రూ సంస్థ నెల లోపల ముగిసే మొదటి కోర్సు నేర్పుతాయి. అమ్మాయిలకే విడిగా బ్యాచ్‌లు వేస్తుంటారు. 1984లో ఎవరెస్ట్ ఎక్కిన మొదటి భారతీయురాలు బచేంద్రీ పాల్ ఉత్తరకాశిలో నేర్చుకున్న మనిషే.

ఇంకో దూరదేశం మాట, ఒక్కటే. స్పెయిన్ ఉత్తరాన పిరెనీస్ పర్వతాల్లో వెస్కా అనే జిల్లా ఉంది. ఆ పర్వతాలన్నిటికీ ఎత్తయిన అనేతో శిఖరం, 3,404 మీటర్లు, అక్కడే. లోయల్లో వాగుల వెంట తాళ్లతో దిగడానికి, రిగ్లోస్ అనే ఊరి వెనక నిటారు రాతి బురుజులెక్కడానికి యూరప్ అంతా అక్కడికి వస్తుంది. అక్కడ గైడు కావాలంటే చదివి, పరీక్ష ఇచ్చి, సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. అదొక ఉద్యోగం. కొండల్లో చిక్కుకున్నవాళ్లని కాపాడ్డానికి పోలీసుల్లో ప్రత్యేక దళమే ఉంది. గనులు మూతపడ్డ మన ఊళ్లలో, తేరహళ్లిలో పుట్టి ఆ గవులు కళ్లు మూసుకుని తిరగగల అమ్మాయి ఒకతె అట్లాంటి గైడయితే ఎట్లా ఉంటుంది? శనివారం వచ్చే గుంపులకి దారి చూపించేది బెంగళూరు మనిషే ఎందుకవ్వాలి?

సరే, ఇక మన పని. ఈ డిసెంబరులో మళ్లీ అంతరగంగ. రాత్రి కాదు, పగలు. పొద్దున ఆరున్నరకి మెట్ల దగ్గర మొదలు, మధ్యాహ్నం రెండుకల్లా కిందికి. తాళ్లు లేవు, నడకా గవులూ అంతే. అటవీశాఖ అనుమతి కాగితం చేతికొచ్చాకే తారీఖు వేస్తామని మేడం గట్టిగా చెప్పారు. మాట్లాడుతున్న గైడును నేను అడిగిన ప్రశ్నలు ఇవి: ప్రథమ చికిత్స ఎక్కడ నేర్చుకున్నారు, హెల్మెట్లు అందరికీ ఉన్నాయా, చివర నడిచే మనిషి ఎవరు, కాలు మడతపడితే కిందికి ఎట్లా తెస్తారు. చివరి ప్రశ్నకి వచ్చే జవాబును బట్టే ఆయన్ని తీసుకోవాలా వద్దా అని అనుకున్నాం. ఆయన తడుముకోకుండా చెప్పాడు. రెండో మనిషిగా ఒక ఆవిడను తెస్తానన్నాడు.

ఈ పత్రిక కింద ఒక కాగితం వేలాడుతోంది. పేరు, ఇంటి ఫోన్ నంబరు ఎక్కించాల్సిన పుస్తకం మేడం దగ్గరుంది, నంబర్లు గోడమీద రాయకండి. ఇక్కడ ఉత్త పేరే చాలు. ఇంట్లో ఒప్పుకోనివాళ్లు కూడా రాయండి, పక్కన చిన్న గీత పెట్టండి. వాళ్ల ఇళ్లకి మేడం ఫోన్ చేస్తానన్నారు, అవసరమైతే మా తాత కూడా వచ్చి మాట్లాడతానన్నాడు. ఆయనకి మూడు ప్రశ్నల జవాబులూ ఇచ్చేశాను. ఒక విజిల్ కొని తెచ్చుకోమన్నాడు. రాబర్ట్‌సన్‌పేట బజారులో దొరుకుతుంది. ప్లాస్టిక్‌ది చాలు, కానీ కొనేముందు ఊది చూడండి.